డ్రైవర్ పక్క సీటు

నవంబర్ 6, బుధవారం

కర్నూలు కంటి డాక్టరు రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. బడి మానేశాక నేను పెన్ను పట్టింది ట్రిప్ కాగితాల మీద సంతకం పెట్టడానికే. "నెల రోజులు ఎక్కడెక్కడ తట్టుకుంటున్నావో, ఏమేం తగులుతున్నాయో రాసుకో పాల్. అప్పుడు నీకే అర్థమవుతుంది" అన్నాడు. అర్థం కావాల్సింది ఆయనకు. ఆయన మాట తప్పని చూపించడానికే రాస్తున్నాను.

నా కళ్ళకు నడిమి చూపు బాగుందట. పక్క చూపు పోతున్నదట. ఇంకా పోతుందట. పొద్దుగూకితే మరీ తక్కువట. బండి నడపడం ఇవాళే మానెయ్యాలట. అద్దాలు తుడుచుకుంటూ, వాన పడేట్టుంది అన్నంత తేలిగ్గా చెప్పాడు.

"సార్, గోడ మీది అక్షరాలు ఆఖరి లైను దాక చదివిన గద" అన్నాను.

"చదివావు. ఆ గోడ పక్కన నిలబడ్డ సిస్టర్‌ను చూశావా?"

"ఏ సిస్టర్?"

పక్క నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. దవాఖానలో అట్లా దాక్కొని నిలబడితే ఎవరికి కనపడతారు?

మా తాత, మా నాయన బిజినేపల్లి నుంచి లారీ వెనక నిలబడి పుణె, బొంబాయి పోయి మట్టి తవ్వినవాళ్ళు. మా ఇంట్లో స్టీరింగు ముందు కూర్చున్న మొదటి మనిషిని నేను. గద్వాలలో సొంత వ్యాన్ పెట్టుకున్నాను. ఆ సీటు దిగమంటే దిగుతానా? ఎస్తేరుకు ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఏమైనా ఉంటే కదా.

నవంబర్ 7

పొద్దున బకెట్ తన్నుకున్నాను. బకెట్ దారిలో పెట్టింది ఎస్తేరు. తప్పు నాది కాదు.

నవంబర్ 9, శనివారం

హైదరాబాద్ నుంచి ప్రియ మేడం అని ఒకావిడ ఫోన్ చేసింది. చేనేత చీరలు నేసే నీలవేణి అక్క దగ్గర కొంటుందట, అక్కే నా నంబర్ ఇచ్చిందట. మేడం చక్రాల కుర్చీలో ఉంటుంది. నడవలేనివాళ్ళను, చూడలేనివాళ్ళను, వినలేనివాళ్ళను ఊళ్ళు తిప్పుతుంది.

"దేవుడికి మొక్కించడానికా మేడం? బీచుపల్లి ఆంజనేయస్వామి దగ్గరికా?" అన్నాను.

"బీచుపల్లి కూడా వెళ్దాం. కానీ మొక్కు కోసం కాదు పాల్ గారూ. అందరూ ఎందుకు వెళ్తారో మేమూ అందుకే. చూడ్డానికి, తినడానికి, ఫోటోలు దిగడానికి."

డిసెంబరులో రెండు రోజులు. గద్వాల కోట, మగ్గాలు, వనపర్తి రాజుగారి ప్యాలెస్, బీచుపల్లి దగ్గర కృష్ణ. ఇది బాగా జరిగితే నెలనెలా నా వ్యానే అంది. అయితే ముందు నేను ప్రతి చోటికీ పోయి గడప ఎత్తు, తలుపు వెడల్పు, మెట్లు ఎన్ని, బాత్రూం తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికా అన్నీ కొలిచి పంపాలి. డ్రైవర్‌ని పిలిచి మేస్త్రీని చేసింది.

పొద్దుగూకకముందే ట్రిప్ అయిపోవాలని షరతు పెట్టాను. గెస్టులు అలిసిపోతారు కదా, అందుకని.

నవంబర్ 13

కొలిచే టేపు జేబులో పెట్టుకొని వ్యాన్‌లు నిలిపే అడ్డాకు పోయాను. భాస్కరన్న నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. నేనూ అతనూ పుణెలో ఒకే గదిలో వండుకొని తిన్నవాళ్ళం. గేర్లు మార్చడం నేర్పింది అతనే. పోయిన వారం నుంచి మాటల్లేవు. నేనేం చేశానో నాకు తెలీదు.

"ఏందన్నా, ఏమైంది?" అని అడిగాను.

"నాకేమైతది? పెద్దోళ్ళైనరు, మీకే కండ్లు నెత్తికెక్కినయ్" అని బండి ఎక్కి పోయాడు.

చాయ్ కొట్టు ముందు బల్ల మోకాలికి తగిలింది. కొత్తగా వేసినట్టున్నారు.

నవంబర్ 16, శనివారం

నీలవేణి అక్క ఇల్లు కొలిచాను. వాకిట్లో మెట్టు, దాని మీద ఎత్తయిన గడప. నా దగ్గరున్న ఇనుప రేకు తెచ్చి, "గిట్ల గడప మీద పెడ్తే కుర్చీ సాఫుగ పోతది" అన్నాను. లోపల్నుంచి ఆమె అత్త తిమ్మమ్మ చీపురు పట్టుకొని వచ్చింది.

"నిన్న పసుపు రాసి బొట్లు పెట్టిన గడపయ్యా! దాని మీద ఇనుము పరుస్తవా? చక్రాలు తొక్కిస్తవా? మా ఇంట్ల పసిపిల్ల గూడ గడప తొక్కది!"

"వచ్చేటోళ్ళకు దాట వశం కాదు పెద్దమ్మా."

"వద్దన్ననా? రమ్మను. కడుపు నిండ అన్నం పెడ్త. గడప మాత్రం తొక్కొద్దు."

తొక్కకుండా చక్రం ఎట్లా పోతుంది? అరగంట కూర్చొని ఆలోచించాం. చివరికి ముసలమ్మే తన మంచం చూపించింది. "గా మంచం కింద నుంచి పిల్లి పోతలేదా? దానికి మంచం తగుల్తుందా?" అంది. నాకు వెలిగింది. రేకుకు అటు రెండు ఇటు రెండు కాళ్ళు పెట్టిస్తే గడపకు తాకకుండా దాని మీదుగా దాటుతుంది, వంతెన లాగా. వెల్డింగ్ షాపులో చెప్పి వచ్చాను.

వచ్చేటప్పుడు వాకిట్లో ఆరేసిన పట్టు కట్టలకు తల తగిలింది. నీలవేణి అక్క, "గంత ఎర్రటి పట్టు కనపల్లేదా పాల్?" అంది. పరధ్యానంలో ఉన్నాను, కనపడకపోవడమేమీ కాదు.

నవంబర్ 21

ఈ రోజు ఏమీ తగల్లేదు. ఇంట్లోనే ఉన్నాను.

నవంబర్ 24, ఆదివారం

చర్చిలో ఎవరో అంటే ఎస్తేరు విన్నదట. భాస్కరన్న బిడ్డ రోజా పెళ్ళి. పత్రికలన్నీ పంచేశాడట. మా ఇంటికి రాలేదు. ఆ పిల్లను నేను భుజాల మీద ఎక్కించుకొని జమ్ములమ్మ జాతర తిప్పాను. పత్రిక రాలేదంటే మర్చిపోయి ఉంటాడు. పెళ్ళి పనుల్లో ఎవరైనా మర్చిపోతారు.

నవంబర్ 28

మర్చిపోలేదు.

డిసెంబర్ 5, గురువారం

పెళ్ళి అయిపోయింది. బ్యాండు మా సందు దాకా వినపడింది. నాకేం బాధ లేదు. బోనం, బొట్టు పెళ్ళిళ్ళలో నాకేం పని? ఎస్తేరు అన్నం పెడితే తినాలనిపించలేదు, మధ్యాహ్నం బజ్జీలు తిన్నాను కాబట్టి.

బజ్జీలు తినలేదు.

డిసెంబర్ 8

గడప దాటించే కాళ్ళున్న రేకు తయారైంది. వ్యాన్‌కు ఎక్కించే ర్యాంపు కూడా వచ్చింది. దవాఖాన నుంచి అడిగి తెచ్చిన చక్రాల కుర్చీలో ఎస్తేరును కూర్చోబెట్టి ఎక్కించి చూశాను. సగం దాకా ఎక్కి వెనక్కి జారింది. "యేసయ్యా!" అని ఆమె అరిచిన అరుపుకు సందంతా బయటికొచ్చింది. ర్యాంపు మీద జారకుండా అడ్డు పట్టీలు వెయ్యాలని తెలిసింది. నాకు కాదు, ఆమెకు తెలిసింది. నేను నవ్వుతూ ఉన్నాను. చాలా రోజులకు ఇద్దరం నవ్వాం.

తర్వాత ఆమె నా ముఖంలో ముఖం పెట్టి గట్టిగా వాసన చూసింది. ఎందుకో అర్థం కాలేదు.

డిసెంబర్ 14, శనివారం

గెస్టులు వచ్చారు. నలుగురు. ప్రియ మేడం. కాంతమ్మ గారు, టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు, చూపు లేదు. రాజు, వినపడదు. అతని భార్య సాయిశ్రీకి వినపడుతుంది, చేతులతో అతనికి చెబుతుంది.

స్టేషన్‌లో నా పరువు పోయింది. మనిషి వస్తే మర్యాద చెయ్యాలి కదా అని ఫ్లెక్సీ కొట్టించాను. 'దివ్యాంగ అతిథులకు హృదయపూర్వక స్వాగతం' అని, పక్కన నా ఫోటో. ఫోటో అక్షరాలకన్నా పెద్దదైంది, అది ఫ్లెక్సీ వాడి తప్పు. ఎస్తేరు చర్చి ఆడవాళ్ళతో వచ్చి బ్రెడ్డు, యాపిల్ పళ్ళు పంచడం మొదలుపెట్టింది. మా దగ్గర ఎవరికైనా మంచి చెయ్యాలంటే మొదట చేసేది అదే, దవాఖానకు పోయి బ్రెడ్డు, పళ్ళు పంచడం.

ప్రియ మేడం ఫ్లెక్సీ చూసింది, యాపిల్ చూసింది, నన్ను చూసింది.

"పాల్ గారూ, మాకేమైనా ఆపరేషన్ అయిందా?"

నేను నేల చూపులు చూశాను. ఆవిడ పకపకా నవ్వింది. "యాపిల్ ఇటివ్వమ్మా ఎస్తేరూ, ఆకలి దంచుతున్నది. ఫ్లెక్సీ మాత్రం మడిచెయ్యండి, మేం ఎలక్షన్లో నిలబడలేదు."

అప్పటి నుంచి రోజంతా హాయిగా గడిచింది. తిమ్మమ్మ పెద్దమ్మ వాకిట్లో పీట వేసుకొని కూర్చొని, కుర్చీ చక్రం గడప మీదుగా పోతుంటే వంగి కిందికి చూసింది. తాకలేదని తేల్చుకొని, "ఇంక రా బిడ్డా" అని తానే తోసింది. దాటాక మేడం చెంపలు నిమిరి మెటికలు విరిచింది.

గుంట మగ్గం నేల మట్టానికి ఉంటుంది. నేసే మనిషి గుంటలో కాళ్ళు పెట్టి నేల మీదే కూర్చుంటుంది. కాంతమ్మ గారు గాజులు, ఉంగరం తీసి పక్కన పెట్టి, నీలవేణి అక్క పక్కనే నేల మీద కూర్చున్నారు. "మెల్లగమ్మా, గోరు తగిల్తే పోగు తెగుతది" అంది అక్క. కాంతమ్మ గారి వేళ్ళు నూలు మీద నడిచి నడిచి అంచు దగ్గర ఆగిపోయాయి.

"ఇక్కడ ఏదో మారింది!"

"నూలు ఐపోయి పట్టు మొదలైతది. రెండు పోగులు ఒకదాన్నొకటి మెలేసుకుంటయ్. గద్వాల చీరంటే గదే."

ఆమె ఆ చోటునే మళ్ళీ మళ్ళీ తడుముతూ ఉన్నారు. రంగులు చెప్పమని నన్ను అడిగారు. నేను ఒక్కొక్కటే చెప్పాను. ఇక్కడ మామిడి పిందె, ముదురాకుపచ్చ. దాని పక్కన వేలెడు ఖాళీ. తర్వాత నెమలి, దాని మెడ దగ్గర జరీ. ఎప్పుడూ ఇంత మెల్లగా ఒక చీరను చూడలేదు నేను.

"మిగతా గైడ్లు చాలా అందంగా ఉందమ్మా అని ఊరుకుంటారు. నువ్వు చీర మొత్తం నడిపించావు పాల్" అన్నారు.

నన్నెవరూ గైడ్ అనలేదు ఇంతకుముందు. బాగుంది. కోటలో నా మోచేయి పట్టుకొనే నడిచారు. కొంచెం మౌనంగా ఉన్నారు. అలిసిపోయి ఉంటారు.

డిసెంబర్ 15, ఆదివారం. రాసింది మర్నాడు పొద్దున

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను, వరసగా.

పొద్దున వనపర్తి ప్యాలెస్ ముందు ఫోటోలు దిగాం. మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాం. మూడు గంటలకల్లా బీచుపల్లి చేరాం. నాలుగున్నరకు బయలుదేరి చీకటి పడకముందే గద్వాల చేరాలని నా లెక్క.

ప్రియ మేడం నీళ్ళ దాకా పోవాలంది. ఘాట్ అంతా మెట్లే. ఎత్తుకొని పోతామని ఇద్దరు ముగ్గురు వచ్చారు. "నన్ను ఎవరూ ఎత్తరు. మూటను కాదు" అంది మేడం. నేను ఒడ్డున పోయి వెతికితే కొంచెం పక్కకు, పుట్టి పడవలను ఒడ్డుకు లాగే ఏటవాలు దారి దొరికింది. బెస్తవాళ్ళు రెండు పుట్లు పక్కకు జరిపారు. రాజు వెనక పట్టుకున్నాడు, మేడం తన చక్రాలు తానే అదుముకుంటూ దిగింది. పాదాలు కృష్ణలో పెట్టింది. పాదాలను చూస్తూ కూర్చుంది. "పద్దెనిమిదేళ్ళ తర్వాత నదిలో కాళ్ళు పెట్టా" అంది చివరికి. అప్పుడు బయలుదేరదామని ఎట్లా చెప్పను? కాంతమ్మ గారు కూడా చీర ఎత్తిపట్టి నీళ్ళలో నిలబడ్డారు. పొద్దు వంతెన మీదికి వాలింది.

అందరినీ పైకి తెచ్చాం. నాకు కంగారుగా ఉంది. ర్యాంపు దించడానికి బండి వెనక్కి పెట్టాలని ఎక్కి, రెండు అద్దాలు చూశాను. ఎవరూ లేరు. రివర్స్ వేశాను.

దబదబా బండిని బాదిన చప్పుడు. బ్రేకు తొక్కాను. దిగి చూస్తే ప్రియ మేడం కుర్చీ కాలు పెట్టుకునే పలక వంగి బండి కింద ఉంది. మేడం కేకేసిందట, నాకు వినపడలేదు. రాజుకు కేక వినపడదు కానీ చూశాడు. ఒక చేత్తో కుర్చీని వెనక్కి లాగి, ఇంకో చేత్తో బండిని బాదాడు. ఒక్క క్షణం ఆలస్యమైతే ఆమె కాళ్ళు ఉండేవి అక్కడ.

"చీకటిగ ఉండె మేడం" అన్నాను.

కాంతమ్మ గారు తల తిప్పారు. "చీకటి పడిందా సాయిశ్రీ?"

"లేదమ్మా. ఇంకా ఎండ ఉంది" అంది సాయిశ్రీ మెల్లగా.

ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కాంతమ్మ గారు చెయ్యి చాచి నా మోచేయి వెతికి పట్టుకొని నన్నే పక్కకు నడిపించారు.

"ఎప్పటినుంచి పాల్?"

"ఏంది అమ్మా?"

"నిన్న కోటలో నీ చెయ్యి పట్టుకున్నప్పుడే తెలిసింది నాకు. మెట్టు రాకముందే నీ కాలు నేలను వెతుకుతుంది, నాకన్నా ముందు. చూపున్నవాడు అట్లా నడవడు. చీర చెప్పేటప్పుడు కూడా ఒక్కో పువ్వూ చెప్పావు, మొత్తం ఒక్కసారి చెప్పలేకపోయావు. నాకు కూడా పక్కల నుంచే పోయింది నాయనా. ఆరేళ్ళు దాచాను ఆఫీసులో. ఒకసారి మా పెద్దాఫీసరు టోపీని పేపర్ల బుట్ట అనుకొని అరటి తొక్క వేశాను."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏడ్చాను. అట్లా ఏడవడం మా నాయన పోయినప్పుడు కూడా లేదు. డాక్టరు చెప్పింది మొత్తం చెప్పేశాను.

"సీటు దిగితే నేనెవర్నమ్మా? మా ఇంట్ల బండి నడిపింది నేనొక్కణ్ణే."

"అది నాకు తెలియదు. బండి కింద మనిషి పడితే నువ్వెవరివో మాత్రం మనిద్దరికీ తెలుసు" అన్నారు. చాలా కఠినంగా అన్నారు. చెయ్యి మాత్రం వదల్లేదు.

తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను.

వ్యాన్ నడపగలిగి, పిలిస్తే వచ్చే మనిషి ఎవరని ఆలోచిస్తే ఒక్క పేరే గుర్తొచ్చింది. ఫోన్ చేశాను.

"ఏంది?" అన్నాడు భాస్కరన్న.

"అన్నా, బీచుపల్లి కాడున్న. గెస్టులున్నరు. బండి నడపనీకి రావాలె."

"నువ్వున్నవ్ గద, పెద్ద డ్రైవర్‌వి."

"నాకు కనపడ్తలేదన్నా."

"కదలకు. వస్తున్న" అని పెట్టేశాడు.

బైకు మీద వచ్చాడు, హెల్మెట్ తియ్యకుండానే అడిగాడు. "కనపడ్తలేదంటే ఏంది? ఎంత కనపడ్తలేదు?"

"ఎదురుగ కనపడ్తది. పక్కన, కింద ఏముందో తెల్వదు."

భాస్కరన్న బైకు మీదే ఉండిపోయాడు. "అంటే... అడ్డాల నేను పత్రిక ఇయ్యనీకి చెయ్యి చాపినప్పుడు?"

"ఏ పత్రిక?"

"రోజా పెండ్లి పత్రికరా! మొదటి పత్రిక నీకే అని, నాలుగు మూలల పసుపు పెట్టి, చాయ్ కొట్టు కాడ నీ పక్కన నిలబడి చాపిన. నువ్వు సక్కగ ముంగటికి చూస్కుంట ఎల్లిపోయినవ్. అందరి ముంగట! పసుపు కుంకుమలున్నయని ముట్టలేదు, చర్చిల చెప్పిన్రేమో అనుకున్న. ఇరవై ఏండ్లు నా ఇంట్ల తిన్నోడు గిట్ల మారిండా అని ఎంత ఏడ్చిన్నో తెల్సా నీకు!"

"నేను చూల్లేదన్నా. నీ బిడ్డ పెండ్లి పత్రిక నేను ముట్టకుంటనా?"

హెల్మెట్ లోపల నుంచి వింత చప్పుడు వచ్చింది. ఏడుస్తున్నాడు. హెల్మెట్‌తోనే నన్ను కౌగిలించుకుంటే నా ముక్కు పచ్చడైంది. అది మాత్రం నిజంగా నా తప్పు కాదు.

బైకును బెస్తవాళ్ళ దగ్గర వదిలి అతను నడిపాడు. నేను పక్క సీటులో కూర్చున్నాను. ఎర్రవల్లి దాటేసరికి చీకటి పడింది. ఎదుటి బండ్ల లైట్లు తప్ప నాకేమీ కనపడలేదు. ఈ దారిలోనే ఇన్ని రోజులు ఎట్లా నడిపానో తలుచుకుంటే చెమట పట్టింది. వెనక ప్రియ మేడం, "పాల్ గారూ, వంగిన పలక సరే. ఫిబ్రవరిలో మన్ననూరు అడవికి వెళ్దాం. డ్రైవర్ ఈయన. గైడ్ మీరు. మెట్లు అన్నీ కొలిచి పంపండి" అంది. జేబులో టేపు ఉందో లేదో తడిమి చూసుకున్నాను.

డిసెంబర్ 16

ఎస్తేరుకు చెప్పాను. బిత్తరపోయి చూసింది.

"అంటే తాగుతలేవా?"

"తాగుడేంది?"

"తలుపులకు గుద్దుకుంటవ్, చెంబులు తన్నుకుంటవ్, మనిషి ఎదురుగ వస్తే పలకరియ్యవ్. వాసన చూస్తే రాదు. వాసన రాని మందేదో తాగుతున్నవనుకున్న! మూడు శుక్రవారాల నుంచి చర్చిల నీ తాగుడు మానాలని ఉపవాస ప్రార్థన చేపిస్తున్ననయ్యా!"

ఊళ్ళో సగం మంది నన్ను గర్విష్ఠి అనుకుంటున్నారు, మిగతా సగం తాగుబోతు అనుకుంటున్నారు. కళ్ళు కనపడవని మాత్రం ఎవరికీ తట్టలేదు. ఎస్తేరు నవ్వింది. నవ్వి, ఏడ్చి, లేచిపోయి వాకిట్లో ఉన్న బకెట్లూ బిందెలూ అన్నీ గోడ వారగా సర్దింది. నేను ఆమె పక్కనే నిలబడ్డాను. భయంగా ఉందని చెప్పాను. తనకూ ఉందని చెప్పింది.

డిసెంబర్ 25

భాస్కరన్న కుటుంబంతో క్రిస్మస్ భోజనానికి వచ్చాడు. రోజా, కొత్తల్లుడు కూడా. రోజా పెళ్ళి పత్రిక తెచ్చి సరిగ్గా నా ముక్కు ముందు పెట్టి, "మామా, గిప్పుడన్న కనపడ్తుందా?" అంది. తీసుకొని కళ్ళకద్దుకున్నాను. బిర్యానీలో ఉప్పు ఎక్కువైంది, అయినా గిన్నె ఖాళీ అయింది.

జనవరి 8

కాంతమ్మ గారు పంపిన తెల్ల కర్ర వచ్చింది. ఫోన్‌లో పాఠం చెప్పారు. దాన్ని పట్టుకొని అడ్డాకు పోతే ఒకాయన నా చెవి దగ్గరికొచ్చి గట్టిగా అరిచి మాట్లాడాడు. చెవులు బాగున్నాయని చెప్పాను, ఇంకా గట్టిగా అరిచాడు.

జనవరి 19

వ్యాన్ తాళంచెవి భాస్కరన్న దగ్గరే ఉంటుంది ఇక. పొద్దున ఇంజిన్ చప్పుడు వినపడితే కుడి కాలు దానంతటదే కదిలింది. బాధయింది. దాని గురించి ఇంకేం రాయను.

ఫిబ్రవరి 1, శనివారం. మన్ననూరు

అడవి నుంచి పొద్దుగూకక ముందే బయటికి రావాలని అటవీశాఖ వాళ్ళ నియమం. ఈసారి నేను పెట్టిన షరతు కాదు.

ఈసారి గెస్టుల్లో మాసయ్య అని నాగర్‌కర్నూలు పెద్దాయన ఉన్నాడు. ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యాడు. కళ్ళు మందగించాయని బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. ఆయన మాత్రం బండి ఎక్కిన దగ్గర్నుంచి, "నాకు అన్నీ కనపడ్తయ్, మా బిడ్డకు పరేషాన్ ఎక్కువ" అంటూనే ఉన్నాడు. భాస్కరన్న బ్రేకు వేసినప్పుడల్లా ఆయన కుడి కాలు కూడా నేలను తొక్కడం విన్నాను.

వాగు దగ్గరికి రాతి మెట్లున్నాయి. చక్రాల కుర్చీల వాళ్ళకు అటవీశాఖ దారి వేరే ఉంది, వాళ్ళు ప్రియ మేడంతో అటు పోయారు. మిగతావాళ్ళు దిగారు. మాసయ్య పై మెట్టు మీదే ఆగి చెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. "మీరు పోన్రి. గాలి మంచిగున్నది, నేనీడనే ఉంట" అన్నాడు. ఈసారి మా వెంట వచ్చిన ఎస్తేరు పోయి చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. "ముప్పై ఏండ్లు బస్సు నడిపినోణ్ణమ్మా, మెట్లు దిగరాదా నాకు?"

ఆ చెట్లను ఆయన చూడడం లేదని నాకు తెలుసు. అట్లా ఏమీ చూడకుండా చూస్తున్నట్టు నేనెన్ని చోట్ల నిలబడలేదు?

నేను పట్టుకుంటాను రమ్మంటే ఆయన రాడు. కర్ర మడిచి సంచిలో పెట్టుకొని ఆయన పక్కకు పోయాను.

"పెద్దనాయనా, నేను గూడ డ్రైవర్నే. నాకు పక్కలకు, కిందికి కనపడదు. గీ మెట్లు ఒక్కణ్ణి దిగాల్నంటే భయమైతుంది. జర చెయ్యియ్యవా?"

ముక్కూ మొహం తెలియనివాళ్ళకు నా అంతట నేను చెప్పడం ఇదే మొదటిసారి. చెప్పింది అబద్ధం కూడా కాదు. ఆ మెట్లంటే నాకు నిజంగానే భయం.

ఆయన నా వైపు తిరిగాడు. "డ్రైవర్‌వా? ముందే చెప్తే ఐపోవు గద! గెస్టులను తోల్కొచ్చి నువ్వే భయపడ్తే ఎట్ల? రా." చెయ్యి చాచినట్టున్నాడు.

"యాడున్నది నీ చెయ్యి?"

"నీదేడున్నది?"

ఇద్దరం గాలిలో తడుముకున్నాం. పైన భాస్కరన్న నోరు మూసుకొని నవ్వుతున్నాడు, నాకు వినపడింది. చివరికి దొరికింది. ముడతలు పడ్డ చెయ్యి, స్టీరింగు తిప్పి తిప్పి అరచేయి గట్టిపడింది, నాది లాగే. ఒక్కో మెట్టూ కాలితో వెతుక్కుంటూ దిగాం. నేను ఈ మెట్టు పొట్టిది అంటే, తర్వాతది జారుతది అని ఆయన అన్నాడు. కింద వాగు నీళ్ళు చల్లగా ఉన్నాయి.

దిగినంతసేపూ నన్ను తానే దింపుతున్నానని ఆయన అనుకున్నాడు. నేనూ అట్లాగే, ఆయన్ను నేనే దింపుతున్నానని అనుకున్నాను.